తూకం మీద నడిచే వృత్తి

ఈ నెల మాకు వచ్చిన ఉత్తరాలలో అయిదు కిక్‌బాక్సింగ్ గురించినవే కావడంతో వాటన్నిటికీ ఒకేచోట జవాబులు ఇస్తున్నాము. జవాబులు రాసినవారు తక్కువ బరువుల విభాగాలలో పన్నెండేళ్లు ఆడి, ప్రస్తుతం బెంగళూరులో యువకులకు శిక్షణ ఇస్తున్న తెలుగు కోచ్.

ప్రశ్న: మాది మదనపల్లె. ఇరవై ఏళ్లుగా కె.ఆర్.పురంలో ఉంటున్నాము. మా ఆయనకు పంక్చర్ షాపు ఉంది. మా అబ్బాయికి 22 ఏళ్లు. బి.కాం. పూర్తిచేసి, ఉద్యోగం వెతుక్కోకుండా లైట్‌వెయిట్‌లో ప్రొఫెషనల్ కిక్‌బాక్సర్ అవుతానంటున్నాడు. రాష్ట్రస్థాయిలో రెండు పతకాలు తెచ్చాడు. ఇప్పుడెవరో నిర్వాహకులు మొదటి ప్రొఫెషనల్ బౌట్‌కు సంతకం పెట్టమంటున్నారు. ఈ ఆటతో ఇల్లు గడుస్తుందా? మేము ఆపాలా? (ఒక తల్లి, కె.ఆర్.పురం)

జవాబు: అమ్మా, 22 ఏళ్ల కొడుకును ఆపడం మీ చేతిలోనూ లేదు, నా చేతిలోనూ లేదు. కాబట్టి ఆ మాట పక్కన పెట్టి, అతను దేనికి సంతకం పెట్టబోతున్నాడో చెబుతాను. ఇంతవరకు అతను ఆడినవి అమెచ్యూర్ పోటీలు. వాటిలో తలకు హెడ్‌గార్డ్ ఉంటుంది, కాళ్లకు షిన్‌గార్డ్ ఉంటుంది, రెండేసి నిమిషాల రౌండ్లు మూడు ఉంటాయి. ప్రొఫెషనల్ బౌట్‌లో ఆ రెండు రక్షణలూ తీసేస్తారు, రౌండు మూడు నిమిషాలవుతుంది, టైటిల్ బౌట్ అయితే అయిదు రౌండ్లు ఆడాలి. ఎదుటివాడి మోకాలి కింది ఎముక మెత్త అడ్డం లేకుండా తొడ మీద పడడమంటే ఏమిటో మొదటి బౌట్ మర్నాడు మీ ఇంటి మెట్లు దిగేటప్పుడు అతనికే తెలుస్తుంది. రెండు పతకాలు తెచ్చినవాడికి ఆ నొప్పి కొత్త కాదు గాని, దాని మోతాదు కొత్తది.

రెండో సంగతి, లైట్‌వెయిట్ అన్న మాట. అది ఒక బరువు పేరని అందరూ అనుకుంటారు గాని, నిజానికి అది సంస్థకొక రకంగా మారే పేరు. బాక్సింగ్‌లో లైట్‌వెయిట్ అంటే 61.2 కిలోలు, జపాన్‌లోని కె-1 అనే కిక్‌బాక్సింగ్ సంస్థలో 62.5, గ్లోరీ సంస్థలో 70, సింగపూర్ కేంద్రంగా నడిచే వన్ ఛాంపియన్‌షిప్‌లో 77.1 కిలోలు. ఒకే పేరు కింద దాదాపు 16 కిలోల తేడా ఉందంటే, మన వంటింటి సిలిండర్‌లో పట్టే 14.2 కిలోల గ్యాస్ కంటే ఎక్కువన్న మాట. అందుచేత ఒప్పందంలో ‘లైట్‌వెయిట్’ అని మాత్రమే ఉంటే సంతకం పెట్టనివ్వకండి. ఎన్ని కిలోలు, తూకం ఏ రోజు, ఏ గంటకు, బరువు తప్పినవాడు పారితోషికంలో ఎంత వదులుకోవాలి అన్నవి అంకెలలో ఉండాలి.

ఇక ఇల్లు గడవడం గురించి. మన దేశంలో ఈ ఆటలో పారితోషికాలతోనే బతికే ఆటగాడు నా ఎరుకలో లేడు. నా మొదటి ప్రొఫెషనల్ బౌట్‌కు రానుపోను రైలు టికెట్టు, రెండు పూటల భోజనం, 8 వేల రూపాయలు ఇచ్చారు. దానికి ముందు ఎనిమిది వారాల తయారీలో కోడిగుడ్లకూ కాలి నొప్పికి కట్టించుకున్న పట్టీలకూ అంతకంటే ఎక్కువే అయింది. నాలుగో బౌట్‌కు ఇచ్చిన చెక్కు బ్యాంకులో తిరిగి వచ్చింది. ఆ నిర్వాహకుడు ఆ తరువాత ఫోను తీయలేదు, నా దగ్గర కాగితం లేదు, ఉన్నదల్లా వాట్సాప్ సందేశాలు. ఈ వృత్తిలో నిలబడినవాళ్లంతా ఉదయం 6 గంటలకు, సాయంత్రం 7 గంటలకు ఇతరులకు ప్యాడ్లు పట్టి, అంటే శిక్షణ ఇచ్చి, బతికినవాళ్లే. బెంగళూరులో ఆ పనికి మాత్రం లోటు లేదు. బరువు తగ్గాలనుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి నెలనెలా ఫీజు కడతాడు, బౌట్ ఏడాదికి మూడుసార్లు వస్తే గొప్ప. మీవాడు ఆ ఉద్యోగికి ఓపికగా నేర్పగలిగితే ఆటను అయిదారేళ్లు నెట్టుకు రాగలడు. ఆ ఓపిక లేకపోతే బి.కాం. ఉద్యోగమే ముందు చూసుకోవాలి, ఆట దాని పక్కన సాగాలి.

సంతకానికి ముందు చూడవలసిన మరో రెండు ఉన్నాయి. ఒకటి, ఆ ఒప్పందం ఒక్క బౌట్‌కా, లేక కొన్నేళ్లపాటు వేరేచోట ఆడకుండా కట్టిపడేసేదా? థాయ్‌లాండ్‌లో ఆటగాడు తన జిమ్ పేరునే ఇంటిపేరుగా పెట్టుకోవడం ఆనవాయితీ. 2004లోనూ 2006లోనూ కె-1 వరల్డ్ మ్యాక్స్ అనే టోర్నమెంటు గెలిచిన బువాకావ్ ప్రపంచానికి ‘పోర్ ప్రముక్’ అనే జిమ్ పేరుతోనే తెలుసు. 2012లో ఆ జిమ్‌తో తగాదా వచ్చి బయటపడ్డాక, అతను బంచమెక్ పేరుతో సొంత జిమ్ పెట్టి, ఆ పేరునే తన పేరు చివర చేర్చుకోవలసి వచ్చింది. అంతటి ఛాంపియనే పేరు మార్చుకోవలసి వచ్చిన రంగంలో మీవాడి సంతకాన్ని ఒక వకీలుకు చూపించడం నామోషీ కాదు. రెండోది బీమా. మన ఆరోగ్య బీమా పాలసీలలో, ప్రమాదకర క్రీడలను వృత్తిగా ఆడినందువల్ల అయిన చికిత్సకు డబ్బు ఇవ్వబోమనే షరతు సాధారణంగా ఉంటుంది. అందులో కిక్‌బాక్సింగ్ పేరు కనబడకపోయినా ‘ఇవే కాక ఇతరములు’ అనే అర్థం వచ్చే మాట ఉంటుంది గనుక, మీ పాలసీ వర్తిస్తుందో లేదో కంపెనీ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. బౌట్ నాటి గాయాలకు ఖర్చు నిర్వాహకులదేనని ఒప్పందంలో రాయించండి.

ప్రశ్న: నా మామూలు బరువు 70 కిలోలు. వచ్చే నెల బౌట్ 63.5 కిలోలలో ఉంది. చివరి వారంలో నీళ్లు మానేసి దిగిపోవచ్చనీ, తూకం అయ్యాక నర్సింగ్ హోమ్‌లో రెండు సెలైన్ బాటిళ్లు ఎక్కించుకుంటే సరిపోతుందనీ మిత్రులు అంటున్నారు. నిజమేనా? (ఒక ఆటగాడు, బొమ్మనహళ్లి)

జవాబు: తమ్ముడూ, మీ మిత్రులు చెప్పిన పని నేను చేశాను. హోసూరు రోడ్డులోని ఒక లాడ్జిలో, బాత్‌రూమ్ తలుపు కింది సందులో తువ్వాలు దోపి, గీజర్ నీళ్లు మూడు బకెట్లలో పొగలు కక్కుతుండగా, రెయిన్‌కోటు వేసుకొని ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను. నోట్లో నిమ్మచెక్క పెట్టుకొని, ఊరిన ఉమ్మునంతా ఒక సీసాలోకి వదులుతుంటే, నా స్నేహితుడు ప్రతి పదిహేను నిమిషాలకూ తలుపు తట్టి నా పేరు చెప్పమని అడిగేవాడు. నేను పేరు సరిగా చెబితే ఇంకో పదిహేను నిమిషాలు. తెల్లవారి తూకం యంత్రం 300 గ్రాములు ఎక్కువ చూపింది. తువ్వాళ్లు అడ్డుపెట్టి ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబెట్టినా ఇంకా 100 గ్రాములు మిగిలింది. మరో గంట ఎండలో పరుగెత్తి దాన్నీ దించాను. మర్నాడు రెండో రౌండులో ఎదుటివాడి కాలు లేవడం కనిపించింది, అడ్డుకోవాలనీ తెలిసింది, కాని నా కాలు నేలనుంచి లేవలేదు. ఆ బౌట్ నేను రింగులో ఓడిపోలేదు, ఆ బాత్‌రూములోనే ఓడిపోయాను.

శరీరంలోంచి పోయే బరువు అంతా ఒక రకం కాదు. కొవ్వు వారానికి అర కిలో, మహా అయితే అంతకు కొంచెం ఎక్కువ తగ్గుతుంది. కండరాలలో నిలవుండే పిండిపదార్థం ప్రతి గ్రాముతోపాటు దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అందుకే అన్నం, సంగటి తగ్గించిన నాలుగు రోజులలో ఒకటి రెండు కిలోలు తేలికగా దిగి, మనిషిని మోసం చేస్తాయి. ఆ తరువాత దిగేదంతా ఒట్టి నీరు. ఒంటి బరువులో 2 శాతం నీరు పోతేనే దమ్ము తగ్గుతుంది. మీరు దించవలసిన ఆరున్నర కిలోలు 9 శాతం పైమాటే. పైగా ఎండిపోయిన శరీరం ఒక్క రాత్రిలో పూర్తిగా కోలుకోదు. 2015 డిసెంబరులో మనీలాలో జరగవలసిన వన్ ఛాంపియన్‌షిప్ పోటీకి బరువు దించుకుంటూ, చైనాకు చెందిన యాంగ్ జియాన్ బింగ్ అనే 21 ఏళ్ల ఆటగాడు ప్రాణాలు కోల్పోయాడు. ఆ తరువాతనే వన్ ఛాంపియన్‌షిప్ నీరు పోగొట్టుకొని బరువు దించడాన్ని నిషేధించి, తూకంతోపాటు మూత్రం చిక్కదనం కూడా పరీక్షించడం మొదలుపెట్టింది. అక్కడ బరువు సరిపోయినా మూత్రం చిక్కగా ఉంటే తప్పినట్టే.

సెలైన్ సంగతి మీ మిత్రులకు తెలియదనుకుంటాను. ఆసుపత్రిలో చేరి పొందే చికిత్స, శస్త్రచికిత్స, పరీక్షల కోసం తప్ప, 12 గంటలలో 100 మిల్లీలీటర్లకు మించి నరంలోకి ఏ ద్రవం ఎక్కించుకున్నా ‘వాడా’ (ప్రపంచ డోపింగ్ వ్యతిరేక సంస్థ) నియమాల ప్రకారం అది నిషిద్ధమే. ఒక మామూలు సెలైన్ బాటిల్ 500 మిల్లీలీటర్లు. మూత్రం ఎక్కువ పోవడానికి వేసుకునే మాత్రలు కూడా అదే నిషిద్ధ జాబితాలో ఉన్నాయి. మందుల షాపులో అడిగితే ఇచ్చేస్తారు గాని, పరీక్షలో దొరికితే ఆటే పోతుంది.

ఒక నెలలో మీరు నిజాయితీగా దించగలిగేది రెండు కిలోల కొవ్వు, ఆపైన చివరి రోజులలో తిండి మార్పుతో ఇంకో కిలో. అది మిమ్మల్ని 67 కిలోలకు చేరుస్తుంది, 63.5కు కాదు. అమెచ్యూర్ విభాగాలలో 63.5 తరువాతిది 67 కావడం యాదృచ్ఛికమేమీ కాదు, మీలాంటివారి కోసమే అది ఉంది. నిర్వాహకులను 67కు అడగండి. ఒప్పుకోకపోతే ఆ బౌట్ మరొకరికి వదిలేయండి.

ప్రశ్న: ముయ్ థాయ్, కిక్‌బాక్సింగ్ ఒకటేనా? మా అన్నదమ్ముల మధ్య పందెం. (వైట్‌ఫీల్డ్)

జవాబు: ఒకటి కాదు, అలాగని పూర్తిగా వేరూ కాదు. జపాన్‌కు చెందిన ఒసాము నొగుచి 1960లలో థాయ్‌లాండ్ ఆట అయిన ముయ్ థాయ్‌నూ కరాటేనూ కలిపి నడిపిన పోటీలకు ‘కిక్ బాక్సింగ్’ అని పేరు పెట్టాడు. ముయ్ థాయ్‌లో మోచేతి దెబ్బలు ఉంటాయి, మెడ పట్టుకొని చాలాసేపు మోకాళ్లతో పొడవవచ్చు, సంప్రదాయంగా అయిదు రౌండ్లు ఉంటాయి. 1993లో కజుయోషి ఇషీ ప్రారంభించిన కె-1, మోచేతిని తీసేసి, పట్టుకోవడాన్ని కుదించి, మూడు రౌండ్లకు తెచ్చింది. అందుకే ఈనాటి కిక్‌బాక్సింగ్‌లో వేగం ఎక్కువ, ఓపికగా ఎదురుచూసే తీరిక తక్కువ. తేలికబరువు ఆటగాళ్లకు పేరు, డబ్బు తెచ్చినది 2002లో మొదలైన 70 కిలోల కె-1 వరల్డ్ మ్యాక్స్. అంతకుముందు ఆ వేదిక భారీకాయులదే. 1976లో ఏర్పడిన వాకో అనే అంతర్జాతీయ కిక్‌బాక్సింగ్ సమాఖ్యకు 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం గుర్తింపు వచ్చింది గాని, ఆట ఒలింపిక్స్‌లో ఇంకా లేదు. పందెం ఎవరు గెలిచారో మీరే తేల్చుకోండి.

ప్రశ్న: మా వారు కిక్‌బాక్సర్. వయసు 29. పోయిన నెల బౌట్‌లో తలకు కాలు తగిలి పడిపోయి, కొన్ని క్షణాలు స్పృహ లేకుండా ఉన్నారు. స్కాన్‌లో ఏమీ లేదన్నారు. కాని అప్పటినుంచి తలనొప్పి, చిరాకు ఉన్నాయి. స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోతున్నారు. ఇంకో రెండు వారాలలో మళ్లీ బౌట్ ఉంది, స్పారింగ్ (జోడీతో సాధన పోరు) కూడా మొదలుపెట్టారు. నా మాట వినడం లేదు. (ఒక భార్య, ఎలక్ట్రానిక్ సిటీ)

జవాబు: చెల్లెమ్మా, ఈ జవాబు ఆయన చేతనే చదివించండి. స్కాన్‌లో ఏమీ లేదంటే రక్తస్రావం, ఎముక విరగడం లేవని మాత్రమే అర్థం. మెదడు కుదుపు, అంటే డాక్టర్లు కంకషన్ అనేది, మామూలు స్కాన్‌లో కనబడదు. అది కనబడేది మీరు రాసినట్టు స్టవ్ దగ్గర, చిరాకులో, నిద్రలో. ఆ లక్షణాలు ఉండగా తలకు మరో దెబ్బ, చిన్నదైనా సరే, తగిలితే మెదడు ఉన్నట్టుండి వాచిపోయే ప్రమాదం ఉంది. అది అరుదే, కాని జరిగినప్పుడు ఆసుపత్రికి చేరేంత వ్యవధి కూడా ఇవ్వదు. అందుచేత ఆయన ఈ రోజునుంచే స్పారింగ్ మానాలి. తేలికగా ఆడతాం, తలకు కొట్టుకోం అని కుర్రవాళ్లు చెప్పే మాట నేనూ చాలాసార్లు చెప్పాను. రెండో నిమిషానికి ఎవరికీ అది గుర్తుండదు.

అమెచ్యూర్ బాక్సింగ్‌లో ఎన్నాళ్లుగానో ఒక క్రమం ఉంది: తలదెబ్బతో ఒకసారి నాకౌట్ అయితే కనీసం నాలుగు వారాలు, మూడు నెలలలో రెండుసార్లు అయితే మూడు నెలలు, ఏడాదిలో మూడుసార్లు అయితే ఏడాది ఆటకు దూరం. అవి కనీసపు గడువులే. ముందు నడక, ఆపైన పరుగు, ఆపైన బ్యాగ్ (గుద్దుల సంచి) కొట్టడం, లక్షణాలు పూర్తిగా పోయి డాక్టరు సరేనన్న తరువాతనే అన్నిటికంటే చివర స్పారింగ్, ఇవీ మెట్లు. మీ ఇంటినుంచి నిమ్హాన్స్ అదే హోసూరు రోడ్డులో ఉంది. అక్కడి న్యూరాలజీ విభాగానికి బౌట్ వీడియోతో సహా వెళ్లండి, ఎందుకంటే పడిన మనిషికి తాను ఎంతసేపు స్పృహలో లేడో తెలియదు. పాలు మరిచిపోయిన సంగతి కూడా మీరే డాక్టరుకు చెప్పాలి, ఆయన చెప్పరు. ఆటగాళ్లం తూకం దగ్గర 100 గ్రాములు దాచలేము గాని, డాక్టరు దగ్గర తలనొప్పిని మాత్రం చక్కగా దాచగలం.

దీర్ఘకాలపు నష్టం గురించి ఆయనకు అనుమానం ఉంటే, బాక్సర్ల మతిమరుపు, తడబడే నడక గురించి అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ 1928లోనే రాశాడని చెప్పండి. అంత దూరం వద్దనుకుంటే మన ఊరి సంగతే ఉంది. 2022 జులైలో ఇక్కడే బెంగళూరులో జరిగిన రాష్ట్రస్థాయి కిక్‌బాక్సింగ్ పోటీలో తలకు దెబ్బ తగిలి కుప్పకూలిన మైసూరు యువకుడు ఆసుపత్రిలో చనిపోయాడు, నిర్వాహకుల నిర్లక్ష్యంపై పోలీసులు కేసు పెట్టారు. అప్పటినుంచి నా పిల్లల్ని తీసుకువెళ్లే ప్రతి పోటీ దగ్గరా నేను రింగును చూసేముందు బయట అంబులెన్సును చూస్తాను. డ్రైవరు ఉన్నాడా, ఆక్సిజన్ సిలిండర్ నిండుగా ఉందా, దగ్గరలోని ఏ ఆసుపత్రికి వెళ్లాలో అతనికి తెలుసా అని అడుగుతాను. రెండుచోట్ల జవాబు సరిగా రాకపోతే పిల్లల్ని తిరిగి బస్సు ఎక్కించాను. ఆ రెండుసార్లూ నన్ను తిట్టినవాళ్లు పిల్లల తల్లిదండ్రులే.

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. అనంతపురం నుంచి వచ్చి పదేళ్లుగా ఇక్కడ జిమ్ ట్రైనర్‌గా పనిచేస్తూ ఆడుతున్నాను. కుడిచేయి రెండుసార్లు విరిగింది. ఇప్పుడు బ్యాగ్ కొట్టినప్పుడు బొటనవేలి మొదట్లో నొప్పి వస్తోంది. పది వారాల తరువాత 65 కిలోలలో ఒక బౌట్ అడుగుతున్నారు. మామూలు బరువు 74. ఇదే చివరిది చేసుకొని ఆపేద్దామనుకుంటున్నాను. ఒప్పుకోనా? (పేరు వద్దన్న ఆటగాడు, మారతహళ్లి)

జవాబు: 31 ఏళ్లు ఈ ఆటలో ముసలితనమేమీ కాదు. జపాన్‌లో ఈ ఆటను ఇంటింటికీ తీసుకువెళ్లిన మసాటో 30 ఏళ్ల వయసులో, 2009 డిసెంబరు 31న, తనను 2007 ఫైనల్‌లో ఓడించిన ఆండీ సౌవర్‌ను గెలిచి మరీ తప్పుకున్నాడు. జార్జియో పెట్రోస్యాన్ దారి వేరు. ఆర్మేనియాలోని ఎరెవాన్‌లో పుట్టి ఇటలీలో పెరిగిన ఈ ఎడమచేతివాటం ఆటగాడు 2009, 2010 సంవత్సరాలలో కె-1 వరల్డ్ మ్యాక్స్ గెలిచాడు. చేతి ఎముకలు పదే పదే దెబ్బతిని శస్త్రచికిత్సలు చేయించుకున్నాడు. 2013 నవంబరులో న్యూయార్క్‌లో ఆండీ రిస్టీ చేతిలో నాకౌట్ అయ్యాడు. అయినా 2019లో 33 ఏళ్ల వయసులో టోక్యోలో 10 లక్షల డాలర్ల టోర్నమెంటు గెలిచాడు. రెండేళ్లకు థాయ్ ఆటగాడు సూపర్‌బాన్ కాలి దెబ్బకు పడిపోయాడు. అంత పాడైన చేతులతో అన్నేళ్లు ఎలా ఆడాడంటే, అతనిది దెబ్బ తగలకుండా ఆడే ఆట. ఎదుటివాడి కాలికీ చేతికీ అందని చోట నిలబడి, అవసరమైనంత మాత్రమే కొడతాడు. మీ ఆట ఎలాంటిదో నాకు తెలియదు, కాని రెండుసార్లు చేయి విరిగిందంటే బలంగా కొట్టే రకమే అయి ఉంటారు.

బొటనవేలి మొదట్లో, వేలు చాచినప్పుడు మణికట్టు దగ్గర ఏర్పడే గుంటలో నొక్కితే నొప్పి వస్తోందా? అయితే అది స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక కావచ్చు. దానికి రక్తసరఫరా తక్కువ, విరిగినా మొదటి ఎక్స్-రేలో తరచు కనబడదు. కనబడలేదని కట్టు లేకుండా తిరిగితే అతుక్కోకుండా మిగిలిపోయి, రేపు ప్యాడ్లు పట్టడానికి కూడా పనికిరాని మణికట్టు అవుతుంది. ట్రైనర్‌గా మీ జీతం వచ్చేది ఆ మణికట్టు మీదనే. చేతి ఎముకల డాక్టరును కలవండి. ఎక్స్-రే బాగుందన్నా నొప్పి పోకపోతే ఎం.ఆర్.ఐ. అడగండి. బ్యాండేజ్ విషయంలో పిసినారితనం వద్దు. నాలుగున్నర మీటర్ల పట్టీ తీసుకొని, మణికట్టుకు నాలుగు చుట్లు, బొటనవేలి చుట్టూ విడిగా ఒకటి వేయండి. చాలామంది పిడికిలి మీద మందంగా చుట్టి మణికట్టును గాలికి వదిలేస్తారు.

ఇక 65 కిలోలు. 74 నుంచి పది వారాలలో అయిదారు కిలోలు తగ్గుతారేమో, మిగిలిన మూడు నాలుగు కిలోలకు నేను పైన చెప్పిన లాడ్జి బాత్‌రూమే గతి. చివరి బౌట్ అనుకుంటున్నప్పుడు అది మరీ వద్దు. 70 లేదా 71 కిలోలలో అయితేనే ఆడతానని నిర్వాహకులకు చెప్పండి. ఎదుటివాడు బరువైనవాడు వస్తాడు, నిజమే, కాని మీ కాళ్లు మీ మాట వింటాయి. కోచింగ్‌లోకి వెళ్లే ఉద్దేశం ఉంటే పటియాలాలోని క్రీడా సంస్థ బాక్సింగ్‌లో ఇచ్చే డిప్లొమా వివరాలు కనుక్కోండి. నేను దానికి వయసు దాటాక ఆలోచించాను. డాక్టరు చేయి చూసి సరేనన్న తరువాతనే ఒప్పుకోండి. బౌట్ బెంగళూరులోనే అయితే, మీ కార్నర్‌లో నీళ్ల సీసా పట్టుకొని నిలబడడానికి మనిషి కావాలనుకుంటే పత్రిక చిరునామాకు ఒక ఉత్తరం రాయండి. ఆదివారాలు నాకు ఖాళీయే.